నవోదయ రెండో లిస్టులో సీటు వచ్చిన పాప అక్కడ నెట్టుకురాగలదా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బెంగళూరు పక్కన హోస్కోట దగ్గర పల్లెలో ఉంటున్న తెలుగు కుటుంబం, సొంతూరు హిందూపురం వైపు, నాన్నది ఎలక్ట్రికల్ పని. పాప ఐదో తరగతి వరకు ఊళ్ళోని కన్నడ మీడియం ప్రభుత్వ బడిలో చదివింది. కేంద్ర ప్రభుత్వ రెసిడెన్షియల్ బడి నవోదయలో ఆరో తరగతికి పరీక్ష రాస్తే మొదటి లిస్టులో పేరు లేదు, రెండో లిస్టులో వచ్చింది. బళ్ళో టీచరేమో "అక్కడికి వచ్చేవాళ్ళంతా టాపర్లు, అంచున నెగ్గిన పిల్ల నలిగిపోతుంది" అన్నారట. బావమరిది "ఇక్కడే ప్రైవేటు స్కూల్లో వేస్తే క్లాస్ ఫస్ట్ వస్తుంది కదా, ఎందుకొచ్చిన టెన్షన్" అంటున్నాడట. అమ్మకు హాస్టల్ అంటేనే భయం. చేరడానికి వారమే టైముంది, పంపాలా వద్దా?

నేను లెక్కల టీచర్ని. కర్ణాటకలో రెసిడెన్షియల్ స్కూళ్ళలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పాను, ఆడపిల్లల హాస్టల్ కూడా చూసుకున్నాను. ఇప్పుడు బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటూ సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మీలాంటి ప్రశ్న ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు పట్టుకొస్తారు.

నా మాట: పంపండి. రెండో లిస్టు అన్నది చూసి మాత్రం ఆగొద్దు. దానికి బదులు మూడు విషయాలు ఈ వారంలో ఇంట్లోనే చూసుకోండి. ఆ మూడింట్లో రెండు బాగున్నా చాలావరకు పాప నిలబడుతుంది, పంపకూడని కొన్ని సందర్భాలు తర్వాత చెబుతాను. మూడూ బాగోకపోతే మొదటి లిస్టులో మొదటి పేరైనా నేను వద్దనే అంటాను.

ముందు లిస్టు సంగతి. ఆరో తరగతి నవోదయ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అంటే ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కు. తప్పు రాస్తే కోత లేదు. జిల్లాకున్న స్కూల్లో ఆరో తరగతికి 80 సీట్లకు మించవు. ఇలాంటి పరీక్షలో పైన కొద్దిమంది మాత్రమే విడిగా కనిపిస్తారు. సీటు తెగే చోట పిల్లలు కిక్కిరిసి ఉంటారు. తెలియని రెండు ప్రశ్నలకు గుడ్డిగా పెట్టిన గుర్తు తగిలితే మొదటి లిస్టు, తగలకపోతే రెండో లిస్టు. ఆ తేడా చూసి ఒక పిల్ల ఏడేళ్ళ చదువు గురించి జోస్యం చెప్పలేం.

పైగా కటాఫ్ అనేది అందరికీ ఒకటే గీత కాదు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు, కనీసం మూడో వంతు ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వాటాలు వేరు. ఒక్కో గడిలో ఒక్కో చోట తెగుతుంది. మీ జిల్లాలో రెండో లిస్టుకు తెచ్చిన మార్కులకే పక్క జిల్లాలో మొదటి లిస్టు దొరికి ఉండొచ్చు. అసలు రెండో లిస్టు ఎందుకు పడుతుందో కూడా చూడండి. మొదటి లిస్టులో కొందరు సైనిక్ స్కూలుకో, కర్ణాటక ప్రభుత్వం నడిపే మొరార్జీ దేశాయి రెసిడెన్షియల్ స్కూలుకో వెళ్ళిపోతారు, కొందరి ఇళ్ళల్లో చివరి నిమిషంలో పంపేది లేదంటారు, కొందరి సర్టిఫికెట్లు నిలవవు. ఆ ఖాళీల్లోకి మీ పాప వచ్చింది. చేరాక ఏ లిస్టన్నది ఎవరి నుదుటా రాసి ఉండదు. పాఠం చెప్పే మాకు రిజిస్టరు తీసి చూస్తే తప్ప తెలిసేది కాదు. సంక్రాంతి నాటికి చూసినా ఉపయోగం ఉండేది కాదు, అప్పటికే క్లాసులో వరసలు అంతగా తారుమారయ్యేవి.

చాలామంది తల్లిదండ్రులు పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఆ 80 ప్రశ్నల్లో 40 మెంటల్ ఎబిలిటీవి, అంటే 50 మార్కులు. వరసలో చేరని బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనబడుతుంది, కాగితం మడిచి చిల్లు పెట్టి విప్పితే ఎలా ఉంటుంది, ఇలాంటివి. లెక్కలకు 25 మార్కులు, చదివి అర్థం చేసుకునే భాషా భాగానికి 25. బొమ్మల భాగం తెలివిని చూడడానికి పెట్టిందే, కాదనను. కానీ కోచింగ్‌తో బాగా పెరిగేది కూడా అదే. రోజూ ఒక సెట్ చొప్పున రెండేళ్ళు చేయిస్తే ఏ పిల్లాడికైనా కన్ను అలవాటు పడుతుంది. ఆరో తరగతిలో చేరిన మర్నాటి నుంచి ఆ బొమ్మలు ఏ సబ్జెక్టులోనూ రావు. అక్కడ కావలసింది చదివి అర్థం చేసుకోవడం, భిన్నాలు, విసుక్కోకుండా కూర్చోవడం.

అందుకే నేను ముందు అడిగే ప్రశ్న "ఎన్ని మార్కులు" కాదు, "ఎంత కోచింగ్" అని. ఊళ్ళో బడికి వెళ్తూ, ఓ పాత ప్రశ్నపత్రాల పుస్తకం ముందేసుకుని అంచున నెగ్గిన పిల్ల, రెండేళ్ళు కోచింగ్ హాస్టల్లో ఉండి పైన నిలిచిన పిల్లాడికంటే గట్టి. ఆ పిల్లాడు తన శక్తంతా పరీక్ష రోజు చూపించేశాడు, ఈ పిల్లకు ఇంకా మిగిలి ఉంది. మీ ప్రశ్నలో కోచింగ్ మాటే లేదు. బళ్ళో చెప్పిందీ ఇంట్లో చూసుకున్నదీ తప్ప ఇంకేం లేదన్నదే నిజమైతే, నాకు ధైర్యం ఇచ్చేది అదే.

ఒక పిల్లాడు గుర్తొస్తాడు. కోచింగ్‌లో ఆరితేరి వచ్చాడు. గుణకారాల కిటుకులు నోట్లో ఆడేవి, మేం ప్రశ్న పూర్తిచేసేలోపు జవాబు. ఏడో తరగతిలో సమీకరణాలు మొదలయ్యాక "ఎందుకలా" అని అడిగితే మొహం తేలేసేవాడు. నాలుగు ఆప్షన్లు లేని ప్రశ్న చూస్తే వాడికి చేయి ఆడేది కాదు. తెలివితక్కువవాడేం కాదు. స్టెప్పులు రాయడం అలవాటు చేయడానికే ఏడాది పట్టింది, ఆ ఏడాదంతా వాడికి నామోషీ.

సరే, ఆ మూడు విషయాలు.

మొదటిది, చదివింది చెప్పగలదా. పాప ఇంతకుముందు చూడని ఒక పేజీ తీసుకోండి. ఐదో తరగతి కన్నడ పుస్తకం వద్దు, అది కంఠతా వచ్చేసి ఉంటుంది. పేపర్లో పిల్లల పేజీ అయినా చాలు. మీరు పక్కనే కూర్చుని, ఒక్కతే మౌనంగా చదవమనండి. తర్వాత కాగితం తీసేసి, ఏముందో తెలుగులో చెప్పమనండి. మీకు కన్నడ చదవడం రాకపోయినా ఫర్వాలేదు, నిజానికి అదే మంచిది. కన్నడలో చదివి తెలుగులో చెప్పాలంటే అర్థమైతేనే చెప్పగలదు, వాక్యాలు అప్పజెప్పడం కుదరదు. తర్వాత "అతను అలా ఎందుకు చేశాడు?" అని కాగితంలో నేరుగా లేనిది ఒకటి అడగండి. తడుముకున్నా తన మాటల్లో ఏదో ఒకటి చెబితే చాలు. అక్షరాలు కూడబలుక్కుంటూ, పేజీకి పది నిమిషాలు తీసుకుని, చివరికి ఏం లేదు అంటే మాత్రం అది ఆలోచించాల్సిన విషయం. నవోదయలో నడిచే సీబీఎస్ఈ సిలబస్‌లో ఆరో తరగతి సైన్సు, సోషల్ పుస్తకాల్లో చదివే మెటీరియల్ ఎక్కువ. చదవడంలో వెనకబడిన పిల్ల అన్ని సబ్జెక్టుల్లోనూ ఒకేసారి వెనకబడుతుంది.

రెండోది, కొత్త లెక్క ముందు ఏం చేస్తుంది. ఇది ఇవ్వండి: ఒక నీళ్ళ ట్యాంకు నాలుగింట మూడు వంతులు నిండి ఉంది. 30 లీటర్లు వాడాక సరిగ్గా సగం ఉంది. ట్యాంకులో మొత్తం ఎన్ని లీటర్లు పడతాయి? జవాబు 120. కానీ జవాబు కోసం ఇవ్వొద్దు. పక్కన కూర్చుని ఫోను చూస్తున్నట్టు నటిస్తూ పాప చేయి గమనించండి. కొందరు పిల్లలు వెంటనే 30 ని మూడుతోనో నాలుగుతోనో గుణించి మీ మొహంలోకి చూస్తారు. కాదన్నట్టు మీ కనుబొమ కదిలితే భాగిస్తారు. కొందరు "ఇది మాకు చెప్పలేదు" అని పెన్సిల్ పెట్టేస్తారు. కొందరు ఒక డబ్బా గీసి, నాలుగు గీతలు పెట్టి, మూడు నింపి, ఒకటి చెరిపి, "ఓ, ఈ ఒక్క గడే ముప్పై" అంటారు. ఈ మూడో రకం పిల్లకు లిస్టుతో పనిలేదు. రెండో రకానికి కొంచెం ఊతం ఇస్తే, "బొమ్మ వేసుకుని చూడమ్మా" అని ఒక్క మాట అంటే, మళ్ళీ పెన్సిల్ తీస్తుందా? తీస్తే బాగానే ఉన్నట్టు. మొహం చూసి జవాబు మార్చే అలవాటే నన్ను భయపెడుతుంది. నలభైమంది ఉన్న క్లాసులో పాప వైపే చూసే మొహం దొరకదు.

మూడోది, ఓడిపోతే ఏం చేస్తుంది, ఇల్లు వదిలి ఉండగలదా. ఈ రెంటినీ ఒకటిగా చెబుతున్నాను, ఎందుకంటే హాస్టల్లో ఇవి విడివిడిగా రావు. బళ్ళో ఎవరైనా తనకంటే ముందు వస్తే ఏమంటుంది? రెండు రోజులు అలిగి మళ్ళీ పుస్తకం తీస్తే ఆ అలక మంచిదే. "నాకు రాదు, నేనింతే" అనడం అలవాటైతే మాత్రం కష్టం. అమ్మమ్మగారింట్లో వారం రోజులు ఉండగలదా? తన బట్టలు తనే ఉతుక్కోగలదా, తల తనే దువ్వుకోగలదా, ఒంట్లో బాగోకపోతే పెద్దవాళ్ళకు నోరు తెరిచి చెప్పగలదా? నవ్వకండి. ఆరో తరగతిలో చదువు పాడయ్యే పిల్లల్లో చాలామందికి మొదట పాడయ్యేది చదువు కాదు. నిద్ర, తిండి, తలలో పేలు, పోయిన చెప్పులు, ఎవరో ఏదో అన్నారని రాత్రంతా ఏడుపు. మార్కులు ఆ తర్వాత పడతాయి.

ఇక ఒక ముఖ్యమైన ప్రశ్న మీరు అడగలేదు: వెళ్ళాలని పాపకు ఉందా? "నాన్నా, నేను వెళ్తా" అని తనే అన్న పిల్ల సగం గెలిచినట్టే. మీరూ మీ ఆవిడా లేనప్పుడు, తాతతోనో పిన్నితోనో అడిగించండి. మీ ముందు మీకు నచ్చే జవాబే చెబుతుంది.

భాష గురించి. కన్నడ మీడియం నుంచి వెళ్ళే పిల్లకు మొదటి ఏడాది నిజమైన బరువు ఇదే, దీన్ని తేలిక చేసి చెప్పను. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, అక్కడ ఇంగ్లీషూ హిందీ. హిందీకి మరీ భయపడొద్దు. కర్ణాటక ప్రభుత్వ బళ్ళలో హిందీ మొదలయ్యేదే ఆరో తరగతిలో, కాబట్టి పల్లెల నుంచి వచ్చిన పిల్లలందరూ అక్కడ ఒకే గీత మీద నిలబడతారు. ఇంగ్లీషే అసలు సంగతి. పాపకు లెక్క వచ్చు, ప్రశ్న అర్థం కాదు. భిన్నరాశి అని నేర్చుకున్న పాఠమే ఫ్రాక్షన్ అని వినబడేసరికి ఏదో కొత్త పాఠం అనుకుని బెదిరిపోతుంది. ఈ ఉన్న కొద్దిరోజుల్లో చేయగలిగిన పని ఒక్కటే. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. ఐదో తరగతి లెక్కల పుస్తకంలో, పరిసర అధ్యయనంలో వచ్చే పేర్లన్నీ ఎడమవైపు కన్నడలో, కుడివైపు ఇంగ్లీషులో పాప చేతే రాయించండి. కూడిక, శేషం, వైశాల్యం, వేరు, ఆకు, ఆవిరి, అన్నీ. ఆ బుక్కు తనతోనే హాస్టలుకు వెళ్ళాలి. ఇంగ్లీషు గ్రామర్ ట్యూషన్లకు ఇప్పుడు డబ్బు పోయకండి, వారంలో ఏమీ రాదు.

కోలారు వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల సంగతి చెబుతాను. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, అచ్చం మీ పాపలాగే. ఆమె కూడా చివర్లో పిలుపొచ్చి చేరింది. అర్ధసంవత్సర పరీక్షల్లో ఇంగ్లీషులో, సైన్సులో అట్టడుగున ఉంది. కానీ ఒక అలవాటుండేది. అర్థం కాని లెక్క పట్టుకుని స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడేది. పిలిస్తేగానీ లోపలికి రాదు, పొమ్మంటేగానీ పోదు. అదే లెక్క మూడోసారి అడగడానికి కూడా సిగ్గుపడేది కాదు. ఎనిమిదో తరగతికి క్లాసులో మధ్యకు వచ్చింది. పదిలో బాగా పాసై సైన్సు తీసుకుంది. ఫస్ట్ ర్యాంకు ఎప్పుడూ రాలేదు. ఇది చెప్పడం అవసరం, ఎందుకంటే ఇలాంటి కథలన్నీ చివరికి ర్యాంకుతోనే ముగుస్తాయని జనం అనుకుంటారు.

ఇక మీ టీచరుగారు అన్న "నలిగిపోతుంది" గురించి. ఆ మాటలో నిజం లేకపోలేదు, కాకపోతే నలిగేది తెలివి కాదు, తన మీద తనకున్న నమ్మకం. ఊళ్ళో పాప ఫస్ట్. అక్కడ కూర్చున్నవాళ్ళంతా వాళ్ళ ఊళ్ళలో ఫస్టే. మొదటి పరీక్షలో ముప్ఫైయ్యో స్థానం వస్తే, పాప నేర్చుకున్నది ఏమీ తగ్గకపోయినా "నాకేం రాదు" అన్న భావం వచ్చేస్తుంది. హెర్బర్ట్ మార్ష్ అనే విద్యా మనస్తత్వవేత్త 1980ల నుంచి దీని మీదే పరిశోధన చేశాడు. ఒకే శక్తి ఉన్న ఇద్దరు పిల్లల్లో, గట్టి పిల్లలున్న స్కూల్లో పడ్డవాడు తనను తాను తక్కువగా అంచనా వేసుకుంటాడని ఆయన చూపించాడు. అంచున నెగ్గిన పిల్లకు ఇది మిగతావాళ్ళకంటే ముందు తగులుతుంది. చేరకముందే పాపతో అనేయండి: "అక్కడ నువ్వు ఫస్ట్ రావు. మాకు అక్కర్లేదు కూడా." నిజంగా అక్కర్లేకపోతేనే అనండి, పిల్లలు పసిగట్టేస్తారు.

ఇంకో పరిశోధన మీ బావమరిదికీ మీ టీచరుగారికీ ఇద్దరికీ పనికొస్తుంది. అమెరికాలో బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో పరీక్ష పెట్టి చేర్చుకునే ప్రభుత్వ స్కూళ్ళున్నాయి. కటాఫ్‌కు కాస్త పైన నిలిచి సీటు తెచ్చుకున్నవాళ్ళనూ, కాస్త కింద ఆగిపోయినవాళ్ళనూ పోల్చి 2014లో ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ళలో జాషువా ఆంగ్రిస్ట్‌కు తర్వాత 2021లో నోబెల్ వచ్చింది. తేలిందేమిటంటే, తర్వాతి పరీక్షల మార్కుల్లో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. అంటే అంచున చేరినవాళ్ళు మునిగిపోలేదు, అలాగని స్కూలు వాళ్ళను ఆకాశానికీ ఎత్తలేదు. అయితే దీన్ని మన దగ్గరికి యథాతథంగా తీసుకురాలేం. అక్కడ సీటు రాని పిల్లాడు వెళ్ళే స్కూల్లో కూడా సాధారణంగా ల్యాబు, ప్రతి సబ్జెక్టుకూ టీచరు ఉంటారు. మీ పాప ముందున్న రెండు దారుల మధ్య దూరం అంతకంటే చాలా ఎక్కువ.

ఆ రెండో దారి, ప్రైవేటు స్కూలు. "క్లాస్ ఫస్ట్ వస్తుంది" అన్నది ఏ స్కూలో చూస్తేగానీ చెప్పలేం. బెంగళూరు అంచున ఇప్పుడు ఐఐటీ ఫౌండేషన్ బోర్డు పెట్టని స్కూలు తక్కువ. వాటిల్లో కొన్ని పిల్లల్ని మార్కుల ప్రకారం సెక్షన్లు చేస్తాయి, నెలనెలా పైకీ కిందికీ జరుపుతాయి. అంచు పిల్లకు అది నవోదయకంటే కఠినం. నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే ఒక అబ్బాయి వాళ్ళ స్కూలు, తొమ్మిది చివర్లో ఇంటికి ఫోన్ చేసి "పదికి ఇంకెక్కడైనా చూసుకోండి" అంది. పది ఫలితాల శాతం చెడిపోతుందని వాళ్ళ బాధ. ఏడేళ్ళు ఫీజు కట్టిన తల్లిదండ్రులకు టీసీ చేతిలో పెట్టారు. నవోదయలో కనీసం ఎనిమిదో తరగతి అయ్యేదాకా మార్కులు తక్కువని ఇలా సాగనంపడం ఉండదు. అయితే ఒక మార్పు తెలుసుకోండి. 2024 డిసెంబరులో కేంద్రం నిబంధనలు మార్చింది. నవోదయ, కేంద్రీయ విద్యాలయాల వంటి కేంద్ర స్కూళ్ళలో ఎనిమిదో తరగతి చివర ఫెయిలైతే రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష పెడతారు, అందులోనూ పోతే అదే తరగతి మళ్ళీ చదవాలి. బయటికి మాత్రం పంపరు. ఇది మీ పాపకు వస్తుందని కాదు, ఎవరో చెప్పి బెదరగొట్టకముందే తెలిసి ఉండాలని.

డబ్బు మాట ఎవరూ పైకి అనరు గానీ నేను అంటాను. నవోదయలో తిండి, వసతి, పుస్తకాలు, యూనిఫాం ఉచితం. తొమ్మిది నుంచి కొందరి దగ్గర నెలకు 600 రూపాయల విద్యాలయ వికాస నిధి తీసుకుంటారు, ఆడపిల్లలకు అదీ లేదు. ఆ మిగిలే డబ్బులో కొంత పాప కోసమే వేరుగా వేయండి. పదకొండు, పన్నెండులో పనికొస్తుంది.

ఇప్పుడు వద్దనుకుంటే మళ్ళీ దారి ఉందా? ఆరో తరగతి పరీక్ష రెండోసారి రాయనివ్వరు. తొమ్మిదిలో ఖాళీలకు వేరే పరీక్ష ఉంటుంది: లెక్కలు 35, సైన్సు 35, ఇంగ్లీషు 15, హిందీ 15, మొత్తం 100 మార్కులు, రెండున్నర గంటలు. దొరికే సీట్లు ఎన్నో ఆ ఏటి ఖాళీలను బట్టే. బొమ్మల ప్రశ్నలు లేవు, అంతా సబ్జెక్టే. కాబట్టి "తొమ్మిదిలో చూద్దాంలే" అనుకోవడం సులువైన వాయిదా కాదు.

పంపొద్దు అని నేను చెప్పే సందర్భాలు కూడా ఉన్నాయి. చదవడమే కూడబలుక్కునే దశలో ఉంటే. రాత్రి పక్క తడపడం, ఫిట్స్, తీవ్రమైన ఉబ్బసం లాంటివి ఉండి ఇంకా డాక్టరు చూపులో ఉంటే, లేదా ఇంట్లో ఈ మధ్యే ఏదైనా చావో గొడవో జరిగి పిల్ల బెదిరి ఉంటే. పిల్ల గట్టిగా, పదేపదే వద్దంటుంటే. ఒక పిల్లాణ్ణి ఇలాగే వద్దంటున్నా వాళ్ళ నాన్న పరువు కోసం దించిపోయాడు. చదవడం సరిగా వచ్చేది కాదు. ఏడాదంతా పక్కవాడి నోట్సు చూసి అందంగా దించాడు, చేతిరాత ముత్యాల్లా ఉండేది, ఒక్క వాక్యం తనది కాదు. ఏడో తరగతిలో ఊరికి వెళ్ళిపోయాడు, అక్కడ మళ్ళీ కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. అలాంటి పిల్లకు ఊళ్ళో మామూలు బడీ, రోజూ అరగంట కూర్చోబెట్టి చదివించే మనిషీ ఉంటే అంతకంటే మేలు.

ఇది చదివే సైనిక్ స్కూలు తల్లిదండ్రులకు ఒక మాట. ఈ లెక్క మీకు అలాగే వర్తించదు. అక్కడ ఆరో తరగతి పరీక్ష 300 మార్కులకు, అందులో సగం, అంటే 150, లెక్కలే. అక్కడ అంచున ఉండటమంటే చాలాసార్లు లెక్కల్లో అంచున ఉండటమే. కాబట్టి మార్కును ఇంకాస్త సీరియస్‌గా తీసుకోండి.

మొదటి ఏడాదిలో ప్రమాదకరమైన రోజు ఎప్పుడొస్తుందో చెబుతాను, సిద్ధంగా ఉంటారు. చేరిన మొదటి వారం కాదు, అప్పుడు అందరూ ఏడుస్తారు కాబట్టి ఒకరికొకరు తోడు. దసరా సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్ళే రోజు. అప్పటికి పరీక్షలు అయి ఉంటాయి, మార్కులు చేతికొచ్చి ఉంటాయి, ఇంట్లో రుచి మరిగి ఉంటుంది. కడుపునొప్పి అప్పుడే వస్తుంది. "మార్కులు రాలేదు కాబట్టి వెళ్ళను" అని పాపే కారణం వెతుక్కుంటుంది, ఇంట్లో పెద్దవాళ్ళు "అప్పుడే చెప్పాం కదా" అంటారు. ఆ రోజు మీరూ మీ ఆవిడా ఒకే మాట మీద ఉండాలి: ఏడో తరగతి అయ్యేదాకా చూద్దాం, అప్పటికీ వద్దంటే తీసుకొచ్చేస్తాం. ఆ మాట పాపకు ముందే తెలిస్తే కడుపునొప్పి సగం తగ్గుతుంది. తలుపు తెరిచే ఉందని తెలిసిన పిల్ల పారిపోవాలని చూడదు.

మీ ఆవిడకు విడిగా ఒక మాట, అక్కా అని పిలిచి చెబుతున్నానని చెప్పండి. ఫోన్లో మొదటి ప్రశ్న "ఎన్ని మార్కులు?" వద్దు, "ఏడ్చావా?" అసలే వద్దు. ఈ రోజు పక్కన ఎవరు కూర్చున్నారు, అన్నంలోకి ఏం పెట్టారు, హిందీ టీచరు ఎలా మాట్లాడతారు, ఇవి అడిగితే పిల్ల తనంతట తనే మిగతావి చెబుతుంది. ఏడిస్తే ఏడవనివ్వాలి, అదే ఫోన్లో మీరూ ఏడిస్తే ఆ రాత్రి హాస్టల్లో నాలుగు మంచాల మీద ఏడుపులే. కలవడానికి అనుమతించిన రోజున తప్పకుండా వెళ్ళండి. హోస్కోట నుంచి, మీ జిల్లా నవోదయ ఉన్న దొడ్డబళ్ళాపురం తాలూకా పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగల దూరమే. ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉంటే మంచిది: తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లల్ని ఏడాదిపాటు హిందీ ప్రాంతంలోని నవోదయకు పంపే పద్ధతి ఉంది. అది ఇంకా మూడేళ్ళ మాట, ఇప్పుడు దాని గురించి నిద్ర పాడుచేసుకోవద్దు.

చివరగా సర్టిఫికెట్లు, రెండో లిస్టువాళ్ళకు టైము తక్కువ కాబట్టి. గ్రామీణ కోటాలో వచ్చి ఉంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతపు బళ్ళోనే చదివినట్టు హెడ్‌మాస్టరు రాసివ్వాలి. మధ్యలో ఒక ఏడాది హిందూపురంలో అమ్మమ్మ దగ్గర చదివి ఉంటే ఇప్పుడే వెళ్ళి స్కూల్లో అడగండి. పుట్టినతేదీ పత్రం, మీరు ఆ జిల్లాలోనే ఉంటున్నట్టు రుజువు కావాలి. ఓబీసీ అయితే కేంద్ర జాబితా ప్రకారం, కేంద్ర నమూనాలో ఉండాలి. ఆంధ్రా నుంచి వచ్చిన మన కుటుంబాలు చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు, ఊళ్ళో తీసుకున్న పాత కాగితం పట్టుకొస్తారు. రేపు పొద్దున్నే ఇలాంటి సర్టిఫికెట్లు ఇచ్చే రెవెన్యూ ఆఫీసు, నాడకచేరికి వెళ్ళండి, అప్పటిదాకా పాపను నోటుబుక్కు పని మొదలుపెట్టమనండి. ఆ ట్యాంకు లెక్క ఇచ్చి చూశాక పాప ఏం చేసిందో ఇక్కడ రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.